నిమ్మ మొక్క ఆకులు ఎవరు తింటున్నారంటే...

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈసారి ఉత్తరం పరీక్షల గురించి కాదు. నీళ్ల ట్యాంకు పక్కన ఉన్న నిమ్మ మొక్క గురించి. పిల్లల్ని దింపడానికి వచ్చినప్పుడు మీలో చాలామంది చూసే ఉంటారు. ఆకులన్నీ చిల్లులు, కొన్నిటికి ఈనెలే మిగిలాయి. "మేడమ్, కాస్త మందు కొట్టించండి" అని ఇద్దరు ముగ్గురు నాతో అన్నారు కూడా. కొట్టించడం లేదు. ఎందుకో చెప్పాలి కదా.

పోయినేడు కొట్టించింది నేనే. తోట అందంగా కనబడాలని నర్సరీ నుంచి రంగురంగుల ముద్దపూల మొక్కలు తెప్పించి వరసగా పెట్టించాను. సీతాకోకచిలుకలు వచ్చేవి, ఒక చుట్టు తిరిగి వెళ్లిపోయేవి. రేకులు గుత్తంగా ఉండే ముద్దపూలలో వాటికి అందే తేనె చాలాసార్లు తక్కువే. ఈలోగా నిమ్మ మీద పురుగు కనబడిందని మందు, గోడవారన దానంతటదే మొలిచిన జిల్లేడు పిచ్చిమొక్క అని గునపం. విందుకు పిలిచి విస్తరి లాగేసినట్టయింది.

సీతాకోకచిలుక తేనె కోసం రకరకాల పూల మీద వాలుతుంది. గుడ్డు మాత్రం ఎక్కడ పడితే అక్కడ పెట్టదు. గుడ్డులోంచి వచ్చే గొంగళి పురుగు తినడానికి ఒక్కో జాతికి కొన్ని మొక్కలే పనికొస్తాయి. నిమ్మ, కరివేపాకు ఒకదానికి, తంగేడు, రేల ఇంకోదానికి. నారింజ రెక్కలకు నల్ల అంచు ఉండేదానికి జిల్లేడు. దాని గొంగళి పురుగు జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. ఆ విషం రెక్కలు వచ్చాక కూడా పోదు. ఒకసారి రుచి చూసిన పిట్ట మళ్లీ దాని జోలికి రాదు. ఇలాంటి పొత్తు కుదరడానికి ఎన్నో వేల ఏళ్లు పడుతుంది. అందుకే ఎక్కడినుంచో తెచ్చిన మొక్క ఎంత పూసినా, ఈ నేలలో పుట్టి పెరిగిన మొక్కకు సాటి రాదు. లాంటానా అనే విదేశీ పొద మీద సీతాకోకచిలుకలు మూగుతాయి, నిజమే. కానీ దాని పళ్లు తిన్న పిట్టలు గింజల్ని ఊరంతా చల్లుతాయి, తర్వాత అది ఇంకో మొక్కను బతకనివ్వదు. నాకైతే అది వద్దు.

మొన్న నాలుగో తరగతి పాప ఒకతి నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. "మేడమ్, ఆకు మీద పిట్ట రెట్ట వేసింది. అది నడుస్తోంది!" చూస్తే నిజంగానే నడుస్తోంది. నిమ్మ మీది గొంగళి పురుగు చిన్నప్పుడు అచ్చం రెట్టలాగే ఉంటుంది, పిట్టలు పట్టించుకోకుండా. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో తాకితే తల వెనకనుంచి నారింజ రంగు కొమ్ములు రెండు బయటికొస్తాయి, వాటితోపాటు ఒక ఘాటు వాసన. ఇప్పుడు ఇంటర్వెల్‌లో ఆ వాసన ఎవరు చూశారన్నదే గొప్ప. (పుల్లలు పట్టుకోవద్దని చెప్పాను. వింటున్నారని అనుకోను.)

పిట్టల సంగతీ ఇంతే. తేనెపిట్ట పూలలో తేనె తాగుతుంది గానీ, గూట్లో పిల్లలకు పెట్టేది పురుగుల్ని, సాలీళ్లని. గింజలు తినే పిచ్చుక కూడా పిల్లలకు పురుగులే తెచ్చి పెడుతుంది. మందు కొట్టిన తోటలో పూలు ఉంటాయి, పిట్టపిల్లలకు తిండి ఉండదు.

ఈ వానాకాలం గోడ పొడవునా తంగేడు, నూరువరహాలు, అడ్డసరం వేస్తున్నాం. మీ ఇంట్లో తంగేడు గింజలు గానీ అడ్డసరం కొమ్మలు గానీ ఉంటే పిల్లల చేత పంపండి, అడ్డసరం కొమ్మ గుచ్చితే బతుకుతుంది. జిల్లేడు మాత్రం పంపకండి. దాని పాలు కంట్లో పడితే ప్రమాదం. కంచె కట్టి, పెద్ద క్లాసుల పిల్లలతో టీచరు దగ్గరుండి మేమే పెట్టిస్తాం. గన్నేరు వేయడం లేదు, అది నిలువెల్లా విషం. ఒంటినిండా నూగు ఉన్న గొంగళి పురుగుల్ని ముట్టుకోవద్దని ఇంట్లో మీరూ ఒక మాట చెప్పండి, కొన్నిటి నూగు తగిలితే దద్దుర్లు వస్తాయి.

బాల్కనీలో ఒక కరివేపాకు కుండీ ఉన్నా చాలు. నాలుగు ఆకులు పోయాయని టెన్షన్ పడకండి. మొక్క మళ్లీ చిగురిస్తుంది. పిట్టలకు వెడల్పాటి మట్టిమూకుడులో నీళ్లు పెట్టి, దోమలు చేరకుండా రోజూ మార్చండి. ఆ పాతనీళ్లు ఒక మూల మట్టిలో పోస్తే, ఆ తడిలో ఉప్పు పీల్చుకోవడానికి మగ సీతాకోకచిలుకలు వాలతాయి.

ఇంకో మాట. ట్యాంకు కింద పైపుకు అంటుకుని ఒక ప్యూపా (గొంగళి పురుగు సీతాకోకచిలుకగా మారే ముందు కదలకుండా ఉండే దశ) ఉంది. ఐదో తరగతి వాళ్లు పక్కన చాక్‌పీసుతో తేదీ రాసుకుని రోజులు లెక్కపెడుతున్నారు. అది ఎగిరిపోయేదాకా దయచేసి అక్కడ బళ్లు పార్క్ చేయకండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు