శంకర్‌కు, సిరోంచ నుంచి

సిరోంచ, మహారాష్ట్ర,
ఆదివారం పొద్దున

అరేయ్ శంకర్,

జవాబు ఇంత ఆలస్యమైనందుకు కోపం పెట్టుకోకు. పత్తి ఏరడం, వరి కోత రెండూ ఒక్కసారే మీద పడ్డాయి. కూలీలు దొరక్క మేమే దిగాం. రాత్రి అన్నం తినగానే కళ్లు మూతపడిపోయేవి. అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్ల నొప్పులు అట్లాగే ఉన్నాయి. చిన్నోడికి దగ్గు తగ్గింది. నువ్వడిగిన పొలం సాత్‌బారా కాగితం దొరికింది, దీంతోపాటే పెడుతున్నా, జాగ్రత్త. తబలా సార్ రిటైరయ్యారు. సన్మానం రోజు మైకు ఎవరి చేతికి చిక్కిందో నీకు వేరే చెప్పాలా!

ఇక అసలు సంగతి. ఇది నీకు చెప్పేదాకా నాకు కుదురు లేదు. ఫోన్లో చెప్పలేను, ఇంట్లో అందరూ వింటారు. మేం సైరాట్ చూశాం రా, ఆ మరాఠీ సినిమా. ఇంట్లో, అందరం కలిసి. బాపు కూడా!

ఏ బాపు? జ్యోతక్క పేరెత్తితే కంచం ముందు నుంచి లేచిపోయే బాపు.

ఎట్లా కుదిరిందో చెప్తా. దసరాకు పెద్ద టీవీ తెచ్చాం. అప్పటినుంచి శనివారం రాత్రి అందరం కూర్చుని ఒక సినిమా చూడాలని మీ చెల్లె పట్టుబట్టింది. వారానికి ఒకరి వంతు. పై పోర్షన్‌లో అద్దెకున్న టీచర్ సార్ కుటుంబం కూడా దిగి వస్తుంది. సార్ భార్యను మేమంతా వహిని అనే పిలుస్తాం, మరాఠీలో వదిన అని. వాళ్లది సోలాపూర్ జిల్లా, కరమాళా వైపు. ఇక్కడికి బదిలీ అయ్యేదాకా తెలుగు చెవిన పడలేదట.

బాపు వంతుకు మాయాబజార్ తప్ప ఇంకోటి రాదు. అదీ నలుపు తెలుపులోనే. 2010లో రంగులు వేసిన ప్రింటు పొరపాటున పెడితే తీసేయించాడు. కెమెరా పట్టిన మార్కస్ బార్ట్‌లీ రంగు లేకుండానే వెన్నెల కాయించాడు, దాని మీద మళ్లీ రంగెందుకు అని. నేనూ బాపు పక్షమే. సావిత్రి మాయా శశిరేఖ అయ్యాక ఈసారి ఆమె భుజాలు చూడు, లోపల ఎస్వీ రంగారావు ఉన్నాడని అవే చెప్తాయి. 1957 నాటి సినిమా. వహిని కొడుక్కి ఒక్క మాట అర్థం కాదు, అయినా లడ్డూలు ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి పోతుంటే కదలకుండా చూశాడు, మళ్లీ పెట్టమని గోల.

అమ్మ బలగం పెట్టించింది. అది నువ్వు చూసిందే. కాకి ముద్ద ముట్టకపోతే ఇంటివాళ్ల ముఖాలు ఎట్లా అవుతాయో మనకు కొత్తా? ఆ మాట మనం మాట్లాడుకునే మాటే, అందుకే అమ్మ సినిమా అంతా టీవీలో వాళ్లకు జవాబులు చెప్తూనే ఉంది. నల్లిబొక్క దగ్గర మొదలైన అలక ఏళ్ల తరబడి సాగడం అతిగా ఉందని సార్ అన్నారు. నాకట్లా అనిపించలేదు. మన ఇళ్లల్లో అంతకన్నా చిన్నవాటికే... సరే వదిలెయ్. చివర మొగిలయ్య, కొమురమ్మ పాడుతుంటే అందరం ఏడ్చాం. బాపు మంచినీళ్లకని లేచి వెళ్లి, పాట అయిపోయేదాకా రాలేదు.

తర్వాతి వారం మీ చెల్లె వంతు. సైరాట్‌నే హిందీలో మళ్లీ తీసిన ధడక్ పెడతానంది. వహిని ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడదు, అటువంటిది ఆ రోజు అడ్డం పడింది. దాని అసలు సినిమా మాది, మా తాలూకావాడు నాగరాజ్ మంజుళే తీశాడు, నటించిన రింకూ రాజ్‌గురు మా జిల్లా పిల్ల, ముందు అది చూడాలి అంది. నాకు గుండె ఆగినంత పనైంది. కథ నాకు తెలుసు కదా! బాపు పొలం నుంచి అలసిపోయి వచ్చాడు, తొందరగా పడుకుంటాడులే అనుకున్నా. పడుకోలేదు. మంచం హాల్లోకి లాక్కుని మరీ కూర్చున్నాడు.

మొదటి సగం వహినిదే రాజ్యం. అదిగో మా వైపు చెరువు, అదిగో మా వైపు అరటి తోట అని చూపిస్తూ, మాటమాటా అమ్మకు విడమరిచి చెప్పింది. కథలో పిల్ల ఆర్చీ బుల్లెట్ నడుపుతూ, ట్రాక్టర్ తోలుతూ వస్తుంటే అమ్మ మురిసిపోయింది. పిల్లలు పాటకు టీవీ ముందు ఎగిరారు. ఆ పాటల కోసం సంగీత దర్శకులు అజయ్–అతుల్ అమెరికా వెళ్లి, అక్కడి పెద్ద వాద్యబృందంతో వాయించారట. వింటుంటే తెలుస్తుంది రా, పల్లెటూరి పిల్లల ప్రేమ మీద ఆకాశమంత సంగీతం పరిచారు. దీన్ని గుర్తుపెట్టుకో, మళ్లీ ఈ మాటకే వస్తా. బాపు మాత్రం నోరు విప్పలేదు. పిల్ల పెద్దింటిది, పిల్లాడు చేపలు పట్టే ఇంటివాడు అని తెలిసిన దగ్గర్నుంచి తువ్వాలు మడత పెట్టడం, విప్పడం, మళ్లీ మడత పెట్టడం.

ఆ తర్వాత ఇద్దరూ హైదరాబాద్ పారిపోతారు. తెలుగు మాటలు మొదలయ్యాయి. ఇక్కడ తిరగబడింది రా అంతా! ఇప్పటిదాకా అమ్మకు చెప్తున్న వహిని నోరు మూతపడింది. తెలియని ఊళ్లో, రాత్రి పూట, చుట్టూ ఎవరేం మాట్లాడుతున్నారో అర్థం కాక ఆ పిల్ల బిక్కచచ్చిపోతుంటే, వహిని అమ్మ ముఖం వైపు చూసింది. వాడేమంటున్నాడు కాకూ అని. ఇప్పుడు చెప్పడం అమ్మ వంతైంది. అమ్మకు వచ్చిన మరాఠీ సంతలో బేరమాడే మరాఠీయే. ఆ కాస్తతోనే, చేతులు ఆడిస్తూ, అంతా చెప్పింది.

బంగళాలో పెరిగిన ఆర్చీ ఆ బస్తీ గదిలో ముద్ద మింగుడుపడక ఏడుస్తుంది చూడు, అప్పుడు వహిని మెల్లగా అంది. ఇక్కడికి వచ్చిన కొత్తలో తనూ అంతేనట. కూరగాయల దగ్గర నోరు తెరవలేక, ఎదురుగా ఏవుంటే వాటికి వేలు చూపించి, వరసగా వంకాయలే తెచ్చుకునేదట. అద్దె అడ్వాన్సు తీసుకున్న మనం, బియ్యం ఎక్కడ దొరుకుతాయో చెప్పిన మనం, ఆ మాట ఒక్కరమూ అడగలేదు రా. అమ్మ ఆమె చేయి పట్టుకుని, సినిమా అయ్యేదాకా వదల్లేదు.

మన ప్రేమ సినిమాలు చాలావరకు పారిపోవడంతో ఆగిపోతాయి కదా. ఇందులో సగం కథ ఆ తర్వాతే. దోసెల బండి దగ్గర వాడి పని, సీసాల ఫ్యాక్టరీలో ఆమె పని, అనుమానాలు, చెంపదెబ్బ, ఆమె రైలెక్కి వెళ్లిపోయి మళ్లీ తిరిగి రావడం. వాడి చేత కొట్టించి మంజుళే వాడిని వెనకేసుకు రాలేదు, నాకు అది నచ్చింది. ఆ పిల్ల మెల్లగా తెలుగు నేర్చుకుని ఫ్యాక్టరీలో మాట్లాడుతుంటే ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాం. వహిని నవ్వింది.

నువ్వింకా చూడకపోతే ఈ ముక్క వదిలేసి కిందికి వెళ్లు.

చివర పుట్టింటివాళ్లు వస్తారు. తమ్ముడు, కానుకలు, బట్టలు. ఆ పిల్ల సంతోషం పట్టలేక చాయ్ పెట్టి ఇస్తుంది. వాళ్లు తాగుతారు. తర్వాత పక్కింటామె చంటిపిల్లాడిని తెచ్చి వదిలిపెడుతుంది, వాడు లోపలికి నడిచి వెళ్తాడు. అక్కడి నుంచి చప్పుడు లేదు. ఒక్క శబ్దం లేదు. ఆకాశమంత సంగీతం అన్నాను చూడు, దాన్నంతా లాగేసుకున్నాడు. టీవీ చెడిపోయిందనుకుని బాపు రిమోట్ అందుకుని వాల్యూం నొక్కాడు. మళ్లీ నొక్కాడు. గీత పూర్తిగా నిండినా వినిపించేది ఏమీ లేదు. అప్పుడు అర్థమైంది ఆయనకు. రిమోట్ పట్టుకున్న చేయి అట్లాగే గాలిలో ఉండిపోయింది. పిల్లాడు ఏడుస్తూ బయటికి వస్తుంటే వెనక నేల మీద చిన్న చిన్న నెత్తుటి అడుగులు. వహిని ఒళ్లో ఆమె కొడుకు నిద్రపోతున్నాడు. వాడి పాదాలు రెండూ చీర కొంగు కిందికి లాక్కుంది.

లైటు వేయడానికి కూడా ఎవరూ లేవలేదు. ముందు మాట్లాడింది అమ్మే. “చాయ్ తాగిన్రు! ఆ పిల్ల చేతి చాయ్ తాగి మరీ చంపిన్రు!” అదే మాట పట్టుకుని, పక్కలు వేస్తున్నంతసేపూ అంటూనే ఉంది. చంపడం కన్నా ఆ చాయే అమ్మను ఎక్కువ కాల్చింది. నాకూ అంతే రా, ఇది రాస్తున్నా చేతులు వణుకుతున్నాయి.

బాపు వాకిట్లోకి వెళ్లాడు. వెనకాలే వెళ్లాను. చలిలో అరుగు మీద కూర్చున్నాడు. నన్ను చూడకుండానే అడిగాడు: “జ్యోతి కొడుకు ఎన్నో తరగతి?”

జ్యోతి అన్నాడు రా! పేరు పెట్టి అన్నాడు! పెద్దబాపు పోయినప్పుడు కూడా రానివ్వని మనిషి. ఏడో తరగతి, కరీంనగర్‌లో చదువుతున్నాడని చెప్పా. నీకెట్లా తెలుసని అడుగుతాడని భయపడ్డా. అడగలేదు. కాసేపాగి, చలిగా ఉంది లోపలికి పో అన్నాడు.

ఆ రాత్రి పడవ కట్టించింది ఎవరో ఆయనకు ఇప్పటికీ తెలియదు. ఇప్పుడు గోదావరి వంతెన మీంచి బస్సులో కాళేశ్వరం పోయి వస్తున్నాం, అప్పుడు ఆ నీళ్లు చూస్తే నీకూ నాకూ... ఆ మాట ఇక్కడ వద్దు. ఈ కాగితం ఎక్కడ పడితే అక్కడ పెట్టకు.

నాకు అనిపిస్తున్నది ఒకటుంది. సంక్రాంతికి వాళ్లను రమ్మంటే? ఇప్పుడే వద్దంటావా? బాపు మనసు మారిందని నేను అనడం లేదు. ఒక్క ప్రశ్నే అడిగాడు. కానీ నిన్న అటక మీంచి పాత ఫోటోల డబ్బా దింపించాడు, ఎందుకో చెప్పలేదు. అమ్మ నా వైపు చూసింది, నేను అమ్మ వైపు చూశా. ఇంతలో ఎవరో వచ్చారు, మాట అక్కడే ఆగిపోయింది. బావతో నువ్వు మాట్లాడితేనే బాగుంటుంది. నేను చేస్తే అక్క ఏడుస్తుంది, నేనూ ఏడుస్తా, విషయం తేలదు.

ఇంకో మాట, వహిని ఇప్పుడు రోజూ దిగి వచ్చి అమ్మతో తెలుగే మాట్లాడుతోంది. ఈ శనివారం ఆమె వంతు, అదే దర్శకుడి ఫాండ్రీ పెడతానంది. చివర ఆ పిల్లాడు రాయి విసిరేది మన మీదికే అని సార్ చెప్పారు, అంతకన్నా చెప్పొద్దన్నా. చూశాక దాని గురించి

సార్ కిందికి దిగారు, గడ్చిరోలి బస్సుకు టైమైందట. ఆయన నాగ్‌పూర్ వస్తున్నారు, ఇది నీ చేతికే ఇస్తారు. బావ పాత నెంబరు కలవడం లేదు, కొత్తది నీ దగ్గరుంటే సార్‌కు రాసివ్వు, మర్చిపోకు.

నీ
రాజు