సునామీ హెచ్చరిక తీరం దాకా రావాలి

సంపాదకుడు గారికి,

2004 డిసెంబరు 26 ఆదివారం పొద్దున ఆరున్నరకు సుమత్రా దగ్గర భూమి కంపించింది. ఆ కెరటాలు మన తీరానికి చేరడానికి రెండు గంటలకు పైనే పట్టింది. అంత వ్యవధి ఉండి కూడా, పున్నమి స్నానాలకు సముద్రంలో దిగినవాళ్లతో 'బయటికి రండి' అనే మనిషి లేకపోయాడు. పసిఫిక్ దేశాలు 1965 నుంచే కలిసికట్టుగా సునామీ హెచ్చరికలు ఇచ్చుకుంటున్నాయి. హిందూ మహాసముద్రానికి అప్పటికి ఆ ఏర్పాటే లేదు.

తర్వాత మనవాళ్లు నేర్చుకున్నారు. యునెస్కో పూనికతో తీర దేశాలన్నీ ఒక్కటయ్యాయి. 2007లో హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో హెచ్చరికల కేంద్రం మొదలైంది. సముద్రమే లేని ఊళ్లో కూర్చుని మన శాస్త్రవేత్తలు ఇవాళ ఆస్ట్రేలియా, ఇండొనేసియాలతో పాటు ఈ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాలకు నిమిషాల్లో సమాచారం పంపుతున్నారు. తెలుగువాడిగా నాకది గర్వంగా ఉంటుంది.

కానీ ఆ చదువు మా పంచాయతీ దాకా రాలేదు. మా ఊరి తుపాను షెల్టర్ తాళం ఎవరి దగ్గర ఉంటుందని ఈమధ్య అడిగితే ముగ్గురు మూడు పేర్లు చెప్పారు. తుపానైతే రెండు రోజుల ముందే తెలుస్తుంది, తాళం వెతుక్కోవచ్చు. సునామీ అంత గడువివ్వదు. 1977 దివిసీమ ఉప్పెన చూసిన మా పెద్దలకు గాలి, వాన, ఆపైన నీరు అన్న వరస తెలుసు. నిర్మలమైన ఆకాశం కింద కూడా సముద్రం మీదికొస్తుందని పిల్లలకు ఎవరు చెబుతున్నారు?

సుమత్రా పక్కన సిమెలూ అనే దీవి ఉంది. 1907 నాటి సునామీని అక్కడివాళ్లు 'స్మోంగ్' అని పిలుచుకుని పాటల్లో, కథల్లో దాచుకున్నారు. 2004లో భూమి కదలగానే కొండలెక్కారు. సుమారు 78 వేల మందిలో పోయింది ఏడుగురే. యంత్రాలతో పాటు ఇదీ మనం నేర్చుకోవలసిన విద్యే.

ఒడిశా ఆ పని మొదలుపెట్టింది. గంజాం జిల్లా వెంకట్రాయిపూర్‌కు, జగత్సింగ్‌పూర్ జిల్లా నోలియాసాహికి 2020లోనే యునెస్కో 'సునామీ రెడీ' గుర్తింపు వచ్చింది. తర్వాత మరెన్నో ఊళ్లు చేరాయి. గంజాం తీరంలో వేటకు వెళ్లేవాళ్లలో తెలుగు మాట్లాడే నోలియాలు ఎందరో ఉన్నారు. వాళ్లు చేసింది మనం చేయలేమా? ఎటు పరుగెత్తాలో చూపే పటం, దారి బోర్డులు, రాత్రీ పగలూ హెచ్చరిక అందుకునే మనిషి, ఊరంతా కలిసి చేసే మాక్ డ్రిల్... గుర్తింపుకు అడిగేవి ఎక్కువగా ఇలాంటివే.

నవంబరు 5 ప్రపంచ సునామీ అవగాహన దినం. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా తీర మండలానికి ఒక్క ఊరినైనా ఎంచుకుని, ఆ రోజున ఇన్‌కాయిస్ వాళ్లను పిలిచి డ్రిల్ చేయించాలని విపత్తు నిర్వహణ సంస్థను, కలెక్టర్లను కోరుతున్నాను. బోర్డులు తెలుగులో రాయించండి. షెల్టర్ తాళం ఎవరి దగ్గరుందో తలుపు మీదే పేరు, ఫోన్ నంబరు రాయించండి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కృష్ణా జిల్లా