పేరు వెంట కాదు, పొలం వెంట వెళ్లాలి

సంపాదకులకు,

అమెరికా కుటుంబాలతో వియ్యమందిన మనవాళ్లు అవతలి వైపు వంశవృక్షం ఎలా వెతుక్కోవాలో చెబుతూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం బాగుంది. కానీ వెబ్‌సైట్‌లో పేరు కొడితే 1700ల దాకా వెళ్లిపోవచ్చన్న మాట దగ్గరే చిక్కంతా ఉంది. అప్పట్లో అమెరికాకు పశ్చిమపు అంచున ఉన్న కెంటకీ లాంటి సరిహద్దు అడవుల్లో బతికిన మనిషిని పేరొక్కటే పట్టుకుని వెతికితే ఎవరి తాతో మనింటికొస్తాడు. అప్పట్లో ‘జూనియర్’ అంటే కొడుకే కానక్కర్లేదు. అదే ఊళ్లో అదే పేరున్న చిన్నవాణ్నీ అలాగే రాసేవారు. స్పెల్లింగ్ సంగతి సరేసరి. కెంటకీ అడవుల్లోకి దారి వేసిన డేనియల్ బూన్ పేరు చివర ‘ఇ’ అక్షరం ఒక కాగితంలో ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు.

1850 జనగణన నుంచి మొదలుపెట్టి వెనక్కి రావాలి. బానిసలు కానివాళ్లందరినీ పేరుపేరునా రాసింది అప్పుడే. అంతకుముందు ఇంటి యజమాని పేరు రాసి, మిగతావాళ్లను వయసుల గళ్లలో అంకెలుగా వేసేవారు. కెంటకీకైతే 1790, 1800 పత్రాలు అసలు మిగల్లేదు. అక్కడ పన్ను జాబితాలే దిక్కు.

ఆ జాబితాలను చాలామంది పేరు చూసి మూసేస్తారు. అసలు సరుకు గళ్లలో ఉంటుంది: ఎన్ని ఎకరాలు, ఏ వాగు మీద, మొదట ఎవరి పేరున సర్వే అయింది, 21 దాటిన తెల్ల మగవాళ్లెందరు, 16–21 మధ్య ఎందరు, బానిసలు, గుర్రాలు. ఒక ఇంట్లో 16–21 గడిలో 1798 దాకా ఉన్న ‘1’ 1799లో పోయిందనుకుందాం. అదే ఏడు అదే వాగు మీద అదే ఇంటిపేరుతో కొత్తవాడు పన్ను కట్టాడంటే అతను ఆ ఇంటి కొడుకే కావచ్చు, 1778 ప్రాంతంలో పుట్టి ఉండవచ్చు. ఒక్క ఏడాది చూస్తే ఇది తేలదు, వరసగా చదవాలి. పేర్లను మొదటి అక్షరాన్ని బట్టి గుంపులుగా రాశారు కాబట్టి పక్క వరసలో ఉన్నవాడు పొరుగువాడే అనుకోకూడదు. పన్ను అధికారి వివరాలు రాసుకున్న తేదీ పక్కనే ఉంటే, ఒకే తేదీ ఉన్నవాళ్లు పొరుగువాళ్లు కావచ్చు.

ఇక భూమి. కెంటకీ అప్పట్లో వర్జీనియాలో భాగం. వర్జీనియా 1779 చట్టం ప్రకారం 1778కి ముందే స్థిరపడినవాడికి 400 ఎకరాలు, దాన్ని ఆనుకుని మరో 1,000 కొనుక్కునే హక్కు ఇచ్చారు. ఫలానా ఏడు మొక్కజొన్న పండించాడని ఆ హక్కుకు ఇచ్చిన సర్టిఫికెట్‌లో రాసి ఉంటే ఆ ఏడు మనిషి అక్కడ ఉండి ఉండవచ్చు. పట్టాకు ముందు వారంటు (ఇన్ని ఎకరాలకు హక్కుందనే కాగితం), ఎంట్రీ (ఫలానా చోటు కావాలని నమోదు), సర్వే అని మూడు కాగితాలుంటాయి, పట్టాతో కలిపి నాలుగూ తీయాలి. కెంటకీ భూ కార్యాలయం వీటిని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. సర్వే కాగితం అడుగున కొలత గొలుసు పట్టినవాళ్ల పేర్లు చూడండి. చాలాసార్లు వాళ్లు బావమరుదులో ఇరుగుపొరుగో అయి ఉంటారు.

చెక్కుబందీలో సర్వే నంబర్లు ఉండవు. ఫలానా తెల్ల ఓక్ చెట్టు నుంచి ఉత్తరంగా ఇన్ని ‘పోల్’లు అని ఉంటుంది. పోల్ అంటే పదహారున్నర అడుగులు, నాలుగు పోల్‌లు మన సర్వేయర్లకు తెలిసిన 66 అడుగుల గొలుసు. ఒక భూమి మీద మరొకరి హక్కు ఎక్కడం మామూలు. తానే డిప్యూటీ సర్వేయర్‌గా పనిచేసిన బూన్ కూడా అలా భూములు పోగొట్టుకుని 1799లో మిస్సోరీ వెళ్లిపోయాడు.

మన జిల్లాల్లాంటి కౌంటీల హద్దులూ కదులుతాయి. బూన్ స్థాపించిన బూన్స్‌బరోలో గుమ్మం దాటనివాడి కాగితాలు కూడా మొదట ఫిన్‌కాజిల్, తర్వాత కెంటకీ, 1780 నుంచి లింకన్, 1786 నుంచి మాడిసన్ కౌంటీ లెక్కలోకి వస్తాయి. 1792 దాకా రాష్ట్రమేమో వర్జీనియా! పాత కాగితాలు పాత కౌంటీలోనే ఉంటాయి.

దస్తావేజులకు అమ్మినవారి సూచిక, కొన్నవారి సూచిక వేరువేరు. కొన్న దాఖలా లేకుండా అమ్మాడంటే, పట్టా పొందని పక్షంలో అది వారసత్వంగా వచ్చి ఉండవచ్చు. వర్జీనియాలో 1787కి ముందు వీలునామా లేని తండ్రి భూమి పెద్దకొడుక్కే పోయేది కాబట్టి, అలా అమ్మినవాడు పెద్దవాడై ఉండవచ్చు. దస్తావేజు చివరిదాకా చదవండి. భర్త లేకుండా భార్యను విడిగా అడిగి, ఆమె ఆ భూమిలో భార్యగా తనకున్న హక్కు వదులుకున్నట్టు రాసే రెండు లైన్లు అక్కడుంటాయి. ముత్తవ్వ పేరు చాలాసార్లు దొరికేది వాటిలోనే. ఆ పేరు సూచికకెక్కదు.

– ఒక పాఠకుడు