సొంత సెర్చ్ సర్వర్: ఒక్క కమాండుతో పని పూర్తి కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంటర్నెట్‌లో గోప్యత గురించి వచ్చే వ్యాసాల్లో ఒక సలహా తరచుగా కనిపిస్తోంది. డాకర్ (ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో నడిపే సాధనం)లో సెర్క్స్‌ఎన్‌జీ అనే సెర్చ్ సర్వర్‌ను ఒక్క కమాండుతో నడుపుకోండి, ఇక మీరేం వెతుకుతున్నారో ఎవరికీ తెలియదు అని. ఇందులో మొదటి సగం మంచి సలహా. రెండో సగం నిజం కాదు. ఆ మాట నమ్మి సర్వర్‌కు తలుపులు బార్లా తెరిచి పెట్టేవాళ్ళున్నారు కాబట్టే ఈ ఉత్తరం.

సెర్క్స్‌ఎన్‌జీకి సొంత ఇండెక్స్, అంటే వెబ్ పేజీల సూచిక, ఉండదు. మీ ప్రశ్నను గూగుల్, బింగ్, డక్‌డక్‌గో, వికీపీడియా లాంటి చోట్లకు తానే పంపి, వచ్చిన ఫలితాలను కలిపి చూపిస్తుంది. మీ బ్రౌజర్ కుకీలు, లాగిన్ వివరాలు వాటికి చేరవు. అంతవరకు లాభమే. కానీ ప్రశ్న బయటికి వెళ్ళేది మీ సర్వర్ ఐపీ చిరునామాతోనే. సర్వర్ ఇంట్లో ఉండి, వాడేది మీరొక్కరే అయితే ఆ చిరునామా మీదే కదా! పదిమంది కలిసి వాడితే ఎవరి ప్రశ్న ఏదో బయటివారికి అంతుపట్టదు. అయితే అప్పుడు ఆ పదిమంది ప్రశ్నలూ సర్వర్ నడిపేవారి లాగ్ ఫైళ్ళలో కనిపించే వీలుంటుంది. ప్రశ్న వెబ్ చిరునామాలో భాగంగా వెళ్ళకుండా సెట్టింగుల్లో పోస్ట్ పద్ధతిని ఎంచుకుంటే ఈ బెడద చాలా తగ్గుతుంది. బొమ్మల సంగతి వేరే చూడాలి. బొమ్మలను మీ బదులు సర్వరే తెచ్చే ఇమేజ్ ప్రాక్సీ మొదట ఆపేసి ఉంటుంది. దాన్ని ఆన్ చేయకపోతే ఫలితాల్లోని బొమ్మలను మీ బ్రౌజరే నేరుగా వేరే సైట్ల నుంచి తెచ్చుకుంటుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు పోర్టు (సర్వర్‌లోకి వచ్చే నంబరున్న ద్వారం) దగ్గర జరుగుతుంది. కంటెయినర్ (డాకర్ నడిపే పెట్టె) లోపల ఈ సర్వర్ 8080 పోర్టు మీద వింటుంది. చాలామంది కంపోజ్ ఫైల్లో (కంటెయినర్లను ఎలా నడపాలో డాకర్‌కు చెప్పే ఫైలు) 8080:8080 అని రాసి, లినక్స్‌లోని యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌లో ఆ పోర్టు మూసేశాం కదా అని నిశ్చింతగా ఉంటారు. డాకర్ తన దారులను లినక్స్ ట్రాఫిక్ నిబంధనలుండే ఐపీటేబుల్స్‌లో తానే రాసుకుంటుంది. బయటి నుంచి కంటెయినర్‌కు వచ్చే ట్రాఫిక్ ఆ దారిన వెళ్ళిపోతుంది, యూఎఫ్‌డబ్ల్యూ నిబంధనల దాకా రాదు. ఫైర్‌వాల్ పోర్టు మూసి ఉందనే చూపిస్తుంది, సర్వర్ మాత్రం ప్రపంచానికంతటికీ తెరిచే ఉంటుంది. 127.0.0.1:8080:8080 అని రాస్తే ఆ పోర్టు అదే యంత్రానికి పరిమితమవుతుంది. బయటి నుంచి వాడాలంటే ముందు క్యాడీ గానీ ఎన్‌జిన్‌ఎక్స్ గానీ (ఇవి వెబ్ సర్వర్లు) పెట్టి, హెచ్‌టీటీపీఎస్ ద్వారానే రానివ్వాలి.

తర్వాతిది సీక్రెట్ కీ. మీరే సెట్టింగ్స్ ఫైలు రాసుకుంటూ దీన్ని మరిస్తే సర్వర్ అసలు లేవదు. ఏదో ఒక వ్యాసంలో ఉన్న కీని కాపీ చేస్తే లేస్తుంది, అదే అసలు చిక్కు. ఇమేజ్ ప్రాక్సీ లింకుల మీద సంతకం చేసేది ఈ కీతోనే. కీ తెలిసినవారు సరైన సంతకంతో లింకులు తయారు చేసి, తమకు కావలసిన బొమ్మలను మీ సర్వర్ చేత తెప్పించుకోగలరు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సాధనంతో 32 యాదృచ్ఛిక బైట్లను హెక్స్ రూపంలో పుట్టించి వాడాలి. సెట్టింగ్స్ ఫైలు వైఎఎంఎల్ పద్ధతిలో రాసేది కాబట్టి వరుసల ముందు ట్యాబ్ పనికిరాదు, స్పేసులే ఉండాలి. మొత్తం సెట్టింగులను కాపీ చేయకుండా, డిఫాల్ట్ సెట్టింగులను వాడమన్న వరుస పెట్టి, మార్చదలచినవి మాత్రమే రాయడం మేలు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఫైలు పాతబడదు.

సర్వర్ పదిమందికి తెరిస్తే మితిమీరిన ప్రశ్నలను అడ్డుకునే లిమిటర్ తప్పనిసరి. దానికి వాల్‌కీ అనే డేటాబేస్ నడిపే మరో కంటెయినర్ కావాలి. వాల్‌కీ చిరునామా దగ్గర లోకల్‌హోస్ట్ అని రాస్తే కలవదు, ఎందుకంటే కంటెయినర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటెయినరే. కంపోజ్ ఫైల్లో ఆ సర్వీసుకు ఇచ్చిన పేరు రాయాలి. ముందున్న వెబ్ సర్వర్ అసలు ఐపీని ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్, ఎక్స్-రియల్-ఐపీ హెడర్లలో అందించాలి. లేకపోతే వాడేవారందరూ డాకర్ లోపలి ఒకే చిరునామా నుంచి వస్తున్నట్టు కనిపిస్తారు. ఒకరి తప్పుకు అందరి దారీ మూసుకుపోతుంది.

ఇంత చేశాక కూడా ఫలితాలు రాని రోజులుంటాయి. ఎక్కువ ప్రశ్నలు వస్తే సెర్చ్ ఇంజిన్లు క్యాప్చా (అడిగేది మనిషేనా అన్న పరీక్ష) అడుగుతాయి. డేటా సెంటర్ చిరునామాలను మరింత అనుమానిస్తాయి. టోర్ అనే అజ్ఞాత నెట్‌వర్క్ ద్వారా పంపితే ఐపీ దాగుతుంది గానీ క్యాప్చాల బాధ ఇంకా పెరుగుతుంది. క్యాప్చా ఎదురైతే సెర్క్స్‌ఎన్‌జీ ఆ ఇంజిన్‌ను కొంతసేపు పక్కన పెడుతుంది. అప్పుడు కంగారుపడి కంటెయినర్‌ను పదేపదే రీస్టార్ట్ చేయకూడదు. పక్కన పెట్టిన ఇంజిన్‌కు మళ్ళీ ప్రశ్నలు వెళ్ళి, నిషేధం ముదురుతుంది. డజన్ల కొద్దీ ఇంజిన్లు ఆన్ చేసే బదులు నిజంగా అవసరమైన నాలుగైదు ఉంచుకోవడం నయం. ఫలితాలూ త్వరగా వస్తాయి.

భాషా మోడళ్ళతో కలిపి వాడేవారికి తరచుగా 403 (అనుమతి లేదు) ఎర్రర్ వస్తుంది. కారణం చిన్నది. మొదట హెచ్‌టీఎంఎల్ ఒక్కటే అనుమతించి ఉంటుంది, ఫార్మాట్ల జాబితాలో ప్రోగ్రాములు చదువుకునే జేసన్‌ను చేర్చాలి.

మరో మాట. పాత సెర్క్స్ ప్రాజెక్టు 2023లో ఆగిపోయింది. దాని నుంచి 2021లో విడివడి వచ్చిందే సెర్క్స్‌ఎన్‌జీ. పాత వ్యాసాలు చూసి పాత డాకర్ ఇమేజ్ (కంటెయినర్‌ను తయారు చేసే ప్యాకేజీ) దించుకోవద్దు. సెర్చ్ సైట్లు తమ పేజీల నిర్మాణం మార్చినప్పుడల్లా ఇంజిన్లు విరుగుతుంటాయి కాబట్టి వారానికోసారైనా కొత్త ఇమేజ్ తెచ్చుకోవాలి. రీస్టార్ట్ చేస్తే కొత్త ఇమేజ్ ఎక్కదు. కంపోజ్ పుల్ చేసి, మళ్ళీ కంపోజ్ అప్ ఇస్తేనే కంటెయినర్ కొత్తగా తయారవుతుంది. సెట్టింగ్స్ ఫైలు మారిస్తే మాత్రం రీస్టార్ట్ చాలు.

మీ పత్రికలో ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు పోర్టు వరుసను 127.0.0.1తో కలిపి అచ్చు వేయమని, సీక్రెట్ కీ ఉండవలసిన చోట ఏ నమూనా కీ ఇవ్వకుండా ఖాళీగా వదలమని మనవి. చదివేవారిలో ఎక్కువమంది అచ్చులో ఉన్నది ఉన్నట్టే టైపు చేస్తారు.

ఇట్లు,
ఒక పాఠకుడు