ఇరవై పౌండ్ల లెక్క

బుజ్జమ్మా,

నీ షార్ట్‌ఫిల్మ్ స్క్రిప్టు చదివాను. స్నేహితుణ్ణి పట్టించినవాడు అద్దం ముందు నిలబడి ఏడ్చే సీను రెండు పేజీలుంది. అది తిరగరాసే ముందు జాన్ ఫోర్డ్ 1935లో తీసిన ‘ది ఇన్ఫార్మర్’ చూడు. గంటన్నర సినిమా. మొదటిసారి ఊరికే చూసెయ్. రెండోసారి మాత్రం కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని డబ్బు ఎటు పోతోందో రాసుకుంటూ చూడు.

కథంతా 1922లో, డబ్లిన్‌లో, ఒక్క రాత్రిలో జరుగుతుంది. చంపమని చీటీ తన పేరున వచ్చినా ప్రాణం తీయలేక శత్రువును వదిలేశాడని జిపో నోలన్‌ను బ్రిటిష్ పాలనపై పోరాడే ఐరిష్ తిరుగుబాటుదారులు వెలేస్తారు. అప్పటినుంచి పని లేదు, తిండి లేదు. ఇష్టపడ్డ కేటీ పొట్టకోసం వీధిలో నిలబడుతోంది. అమెరికా ఓడకు మనిషికి 10 పౌండ్లు. అతని మిత్రుడు ఫ్రాంకీని పట్టిస్తే 20. ఆ రెండు అంకెలూ పక్కపక్కన కనబడితే చాలు, జిపో ఎందుకు లొంగాడో ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఫ్రాంకీ బొమ్మ ఉన్న ప్రకటనను గోడమీంచి చించి పారేస్తాడు. అది గాలికి కొట్టుకొచ్చి అతని కాలికే చుట్టుకుంటుంది.

ఆ డబ్బు ఇచ్చే షాటు ఆపి ఆపి చూడు. బ్రిటిష్ అధికారి నోట్లు చేతికివ్వడు, బెత్తంతో బల్లమీద అతనివైపు తోస్తాడు. తిట్టు ఒక్కటీ లేదు, అయినా జిపో ఏమైపోయాడో మనకు తెలిసిపోతుంది. బయటికొచ్చీ రాగానే పొగమంచులో గుడ్డివాడొకడు ఎదురైతే హడలిపోతాడు. కాసేపటికి ఫ్రాంకీ ఇంట్లో శవం దగ్గర అందరూ జాగారం చేస్తుండగా అతని జేబులోంచి చిల్లర నేలమీద పడుతుంది. తలలన్నీ ఇటు తిరుగుతాయి. ఆ తర్వాత డబ్బు చేతిలో నిలవదు. తాగుడికి, ‘రాజువయ్యా’ అని పొగిడే గుంపుకు చేపల వేపుడుకు, గుడ్డివాడికి ఒక పౌండు, లండన్ పోవాలనుకునే అమ్మాయికి దారిఖర్చు. విచారణలో ఆ ఖర్చులే ఒక్కొక్కటీ చదువుతారు. అతని నేరాన్ని రుజువు చేసేది ఆ పద్దే. నీ కుర్రాడికి డబ్బు ముట్టిందని రాశావు, అది ఏమైందో ఎక్కడా రాయలేదు. సీను అక్కడుంది తల్లీ.

శబ్దం కూడా విను. ఫ్రాంకీ కాల్పుల్లో కూలేటప్పుడు వేళ్లు కిటికీ అంచును గీరుతాయి. మాక్స్ స్టైనర్ సంగీతం జిపో అడుగుకు అడుగు వేస్తుంది. నాకైతే కొన్నిచోట్ల అతి అనిపిస్తుంది, గుడ్డివాణ్ణి జిపో మనస్సాక్షికి ప్రతీకగా వాడటం కూడా అంతే.

పొగమంచు చవక సెట్లను దాచడానికి పనికొచ్చింది, జిపో బుర్రలోని అయోమయమూ అదే అయింది. నీ బడ్జెట్‌కూ అది కుదురుతుంది. దీపం పొగకు వెనకనుంచి పెట్టు, ముందునుంచి పెడితే తెల్లగుడ్డ కట్టినట్టుంటుంది. ఫ్యాన్లు ఆపి తలుపులు మూసి, ప్రతి షాటుకూ ముందు పొగ సర్దుకునేదాకా ఆగు. లేకపోతే ఒక షాటులో చిక్కగా, మరోదాంట్లో పల్చగా వచ్చి ఎడిటింగులో అతకదు.

చరిత్ర కోసం మాత్రం దీన్ని నమ్మకు. బ్రిటిష్ సేనలకూ తిరుగుబాటుదారులకూ మధ్య కాల్పుల విరమణ 1921 జులై 11నే జరిగింది, 1922లో ఆ బ్రిటిష్ దాడులు అలా జరిగే వీల్లేదు. ఈ సినిమాకు మూలమైన లియామ్ ఓఫ్లాహర్టీ 1925 నవలలో కథ ఐర్లండ్ అంతర్యుద్ధం తర్వాతది, అందులో దళం కమ్యూనిస్టు విప్లవకారులది. సినిమా స్క్రిప్టు రాసిన డడ్లీ నికోల్స్ అది మార్చాడు. ఆ స్క్రిప్టుకు వచ్చిన ఆస్కార్‌ను రచయితల సంఘం తగాదా వల్ల ఆయన తిరస్కరించాడు.

చివరి సీనులో జిపో చర్చిలో ఫ్రాంకీ తల్లి దగ్గర ఒప్పుకుంటాడు, ఆమె క్షమిస్తుంది. నీ కథలో చనిపోయినవాడి తల్లి ఒక్కసారీ కనిపించలేదు. అద్దం సీను తీసేసి ఆమెను ఆ కుర్రాడి ఎదుట కూర్చోబెట్టు. రాశాక పంపు.

మీ నాన్న