బోల్తా పడ్డాక కాదు, ముందే ఇరుసు చూడండి

సంపాదకులకు నమస్కారం.

ట్రాక్టర్ అదుపు తప్పి బోల్తా పడిందన్న వార్త వచ్చినప్పుడల్లా నేరం డ్రైవరు మీదకో, గుంతల రోడ్డు మీదకో పోతుంది. ఆ బండి ముందు ఇరుసు ఏ స్థితిలో ఉందని అడిగినవాళ్లు నాకింతవరకు కనపడలేదు. నల్గొండ జిల్లాలో ఒక మండల కేంద్రంలో నాది ట్రాక్టర్ మరమ్మతుల షెడ్డు. బత్తాయి తోటల్లో కొమ్మల కింద నుంచి దూరిపోయే 18, 20 హెచ్‌పీ చిన్న ట్రాక్టర్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తాయి. పాతబడిన బండ్లలో ఇంజన్ గట్టిగానే ఉంటుంది, ముందు భాగమే వదులైపోయి ఉంటుంది. ఇవి తోటలో గుంటక లాగుతాయి, వానాకాలం వరి నాట్లకు బురద దున్నే దమ్ములోకి దిగుతాయి, మర్నాడు పొద్దున్నే ట్రాలీ తగిలించుకుని కూలీలతో తారు రోడ్డెక్కుతాయి. ట్రాలీలో మనుషులను ఎక్కించకూడదన్నది నిజమే. కానీ ఎక్కిస్తున్నారన్నది మీకూ నాకూ పోలీసులకూ తెలుసు.

మోటారు వాహనాల నిబంధనల్లో వ్యవసాయ ట్రాక్టర్ రవాణాయేతర వాహనం. లారీకి, ఆటోకు ఉన్నట్టు గడువు గడువుకూ ఫిట్‌నెస్ పరీక్ష దీనికి లేదు. పెట్టమని నేను అడగడం లేదు. రైతును రవాణా శాఖ ఆఫీసు చుట్టూ తిప్పితే కొత్త దళారులు పుట్టడం తప్ప ఇరుసులు బాగుపడవు. ముందు ఇరుసు వరకు చూసే చిన్న పరీక్ష ఊరికే రావాలంటున్నాను.

ఎందుకంటే అదేమంత పెద్ద పని కాదు. వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు ఇరుసును జాకీతో లేపి, కింద చెక్క దిమ్మలు పెట్టాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. లోపల టక్కు టక్కుమంటే ఏది కదులుతోందో పక్కన ఇంకొకరు కూర్చుని చూడాలి. చక్రాన్ని బిగించే హబ్బు ఒక్కటే కదిలితే బేరింగు పోయినట్టు. హబ్బుతో పాటు కింగ్ పిన్ను (చక్రం అటూ ఇటూ మళ్లడానికి ఆధారమైన కడ్డీ) కూడా ఇరుసు చివరి బోరులో కదిలితే, పిన్ను చుట్టూ ఉండే గొట్టం లాంటి బుష్షు అరిగినట్టు. అదే చక్రాన్ని ముందూ వెనకా పట్టుకుని ఊపితే రెండు ముందు చక్రాలనూ కలిపి మళ్లించే టై రాడ్ జాయింట్ల సంగతి బయటపడుతుంది. అందరూ వదిలేసేది ఇరుసును మధ్యలో బండికి తగిలించే సెంటర్ పిన్ను. దాన్ని చూడాలంటే దిమ్మలను ఇరుసు కింద నుంచి తీసి, ఇరుసును పట్టి ఉంచే ఫ్రంట్ సపోర్టు కింద పెట్టి, ఇరుసు గాలిలో వేలాడుతుండగా గడ్డపారతో లేపి చూడాలి. ఈ పరీక్షలన్నిటికీ కలిపి అరగంట కూడా పట్టదు. అసలు ఎదురుగా నిలబడి చూసినా కొంత అర్థమవుతుంది: చక్రాల పైభాగాలు లోపలికి వాలి, టైరు ఒక అంచే నున్నగా అయిపోయి ఉంటుంది. రైతు టైరు మారుస్తాడు. కొన్నాళ్లకు కొత్తదీ అలాగే అరుగుతుంది.

అరుగుదలకు మూలం చాలాసార్లు గ్రీజే. దమ్ము బురద, గ్రీజు ఎక్కించే నిపుల్ నోట్లో గట్టిపడి ఉంటుంది. తుడవకుండా గన్ను పెట్టి నాలుగు దెబ్బలు కొడితే గ్రీజు బయటే కారిపోతుంది, లేదా బురదనూ లోపలికి తోస్తుంది. ఆ ఇసుక పిన్నును సాన పట్టినట్టు అరగదీస్తుంది. ఇంకో ముక్క చాలామంది డ్రైవర్లకు ఎవరూ చెప్పలేదు. బరువు చక్రం మీద ఉండగా కొట్టిన గ్రీజు, బరువు ఆనిన వైపుకు సరిగా చేరదు. చక్రం లేపి, అటూ ఇటూ తిప్పుతూ కొట్టాలి.

ఇక అసలు దారుణం వెల్డింగు. వదులైన పిన్నుకు నాలుగు టాకాలు వేసి ‘టైటు చేశాం’ అంటారు. కింగ్ పిన్ను పైపొర గట్టిపరిచిన ఉక్కు. వెల్డింగు వేడికి ఆ గట్టిదనం పాడై, పక్కనే పెళుసు తేలి, సన్నటి పగులు మొదలవుతుంది. అలా టాకాలు వేసిన పిన్ను విరిగి, చక్రం పక్కకు పడిపోయిన బండ్లను నేను చూశాను. పొలంలో పడింది కాబట్టి సరిపోయింది. సరైన పద్ధతిలో పిన్నూ బుష్షూ రెండూ కలిపి మార్చాలి. బోరు కోలగా అరిగితే లేత్ మీద గుండ్రంగా బోరింగ్ చేయించి, ఆ సైజుకు బుష్షు దిగ్గొట్టి, పిన్నుకు సరిపడా రంధ్రాన్ని రీమరుతో నున్నగా సరిచేయాలి. పైకీ కిందకీ మిగిలిన సందును వాషర్లతో సర్దాలి. చివర్లో ముందు చక్రాల టో-ఇన్ (చక్రాల ముందు అంచులు కాస్త లోపలికి తిరిగి ఉండే కొలత) కంపెనీ పుస్తకం ప్రకారం పెట్టాలి.

ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లయితే ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ముందుకొక సైజు, వెనకకొక సైజు ఏది దొరికితే అది టైరు వేసి, తారు రోడ్డు మీద కూడా ఫోర్ వీల్ లివరు వేసే నడిపితే ముందు ఇరుసు గేర్లు అరిగిపోతాయి. ఆ ఇరుసులో ఆయిలు పాలరంగుకు తిరిగిందంటే సీలు పోయి నీళ్లు దిగినట్టే.

ప్రభుత్వం కొత్త యంత్రాలకు డబ్బు పెడుతోంది, కాదనను. 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం కింద రాయితీలున్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి, ట్రాక్టర్ టైర్ల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత బండిని బాగుచేసే చేతికి మాత్రం దక్కిందేమీ లేదు. ఆ ఉప పథకంలోనే శిక్షణకు ఒక భాగం ఉంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. షెడ్డు మూసుకుని పక్క రాష్ట్రానికి వెళ్లి నేర్చుకునే వెసులుబాటు మండల మెకానిక్కుకు ఉండదు. అక్కడి బోధకులను ఏడాదికోసారి జిల్లాకు రప్పించలేరా?

మన రాష్ట్రంలో రైతులు సమావేశమయ్యే రైతు వేదిక భవనాలున్నాయి. మంగళవారాల్లో రైతు నేస్తం కార్యక్రమంలో శాస్త్రవేత్తలు పురుగుల గురించి, ఎరువుల గురించి చెబుతున్నారు. ఒక్క మంగళవారం ముందు ఇరుసుకు ఇవ్వమనండి. మేలో, దమ్ములు మొదలు కాకముందు, ప్రతి వేదిక ముందూ ఒకరోజు ట్రాక్టర్ల తనిఖీ పెట్టమనండి. లోపం ఉన్న బండికి జరిమానా వద్దు, ఏ భాగం మార్చాలో రాసి చీటీ ఇస్తే చాలు. రాయితీ మీద బండ్లు అమ్మే కంపెనీలు, ఆ మోడలు ఆపేశాక కూడా పిన్నులు, బుష్షులు, సీళ్లు ఇన్నేళ్లు సరఫరా చేస్తామని రాతపూర్వకంగా ఒప్పుకోవాలన్న షరతు కూడా అవసరం. ఇప్పుడు పాత మోడళ్లకు అసలు భాగం దొరక్కే సగం మంది వెల్డింగుకు పోతున్నారు.

తనిఖీకి జాకీలు, దిమ్మలు, గ్రీజు గన్నులు మా మండల మెకానిక్కులమే తెచ్చుకుంటాం. వ్యవసాయ శాఖ తేదీ చెప్పి, ఊళ్లో చాటింపు వేయిస్తే చాలు.

— ఒక ట్రాక్టర్ మెకానిక్, నల్గొండ జిల్లా