బోనులో నేను, బయట అది

ఒరేయ్ శీనూ,

గ్రేట్ వైట్ సొరచేపల్ని చూడ్డానికి బోనులో కూర్చుని సముద్రంలోకి దిగానంటే, "భయమేసిందా?" అని ఒకే ముక్క రాసి ఊరుకున్నావు. చెబుతా, కానీ ముందు వాంతుల సంగతి వినాలి.

ఆస్ట్రేలియా దక్షిణ తీరంలోని పోర్ట్ లింకన్ రేవులో చీకటుండగానే పడవెక్కాం. నెప్ట్యూన్ దీవులకి దాదాపు మూడు గంటలు. స్పెన్సర్ గల్ఫ్ దాటేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత దక్షిణాన అంటార్కిటికా దాకా అడ్డుపడే నేలే లేదు కదా, అలలు ఎక్కడ పుట్టాయో ఏమో కొండల్లా దొర్లుకుంటూ వచ్చాయి. మాత్ర వేసుకున్నాన్రా, కాకపోతే పడవెక్కాక వేసుకున్నా. గంట ముందే వేసుకోవాలట. ఇంకో పెద్దాయనదీ నా పరిస్థితే. పేర్లు కూడా అడుక్కోకుండా రెయిలింగ్ పట్టుకుని ఇద్దరం ఆప్తులమైపోయాం.

దీవి చాటున లంగరేశాక ప్రాణం కుదుటపడింది. రాళ్ళ మీద ఎటు చూసినా సీల్స్. గాలి ఇటు మళ్ళినప్పుడల్లా వచ్చే ఆ కంపు మాత్రం నేను రాయలేను. సొరచేపలు ఇక్కడికొచ్చేది వీటి కోసమే. చలికాలంలో పెద్ద పెద్ద ఆడ సొరలు వస్తాయట, అప్పటికి సీల్ పిల్లలు ఒంటరిగా ఈతకి దిగుతాయి కాబట్టి.

తర్వాత ఒకతను ట్యూనా చేపల మొప్పలు, రక్తం కలిపి నూరిన ముద్దని గరిటెతో నీళ్ళలో పోయడం మొదలుపెట్టాడు. దాన్ని బర్లీ అంటారు. నీటి మీద నూనె తెట్టు సన్నటి కాలిబాటలా సాగిపోయింది. ఇంకొకతను తాడుకి ట్యూనా ముక్క కట్టి విసిరాడు. సొరచేపకి తినిపించడానికి కాదట, దగ్గరికి రప్పించడానికే. అది నోరు తెరిచేలోపు లాగెయ్యాలి. ప్రతిసారీ లాగలేరు పాపం, అందుకే తెగినా ఫర్వాలేదని నార తాడు వాడతారు.

ఇక ఎదురుచూపులు. రెండు గంటలు. నా ఓపిక సంగతి నీకు తెలుసుగా! "అదిగో" అని ఎవరో అరిచారు. నేను తిరిగేసరికి నీటి మీద ఒక సుడి మిగిలింది, అంతే.

నా వంతు రాగానే మందపాటి వెట్‌సూట్‌లో దూర్చి, నడుముకి సీసం బరువులు కట్టి, పై నుంచి గాలి వచ్చే గొట్టం నోట్లో పెట్టారు. బోను నీటి మట్టానికి కాస్త కిందే ఉంటుంది, కాబట్టి స్కూబా నేర్చుకోనక్కర్లేదు. దిగగానే చల్లటి నీళ్ళు మెడ దగ్గర్నుంచి వెన్నులోకి పాకాయి. చుట్టూ పచ్చటి నీలం, బర్లీకి మూగిన ట్రెవల్లీ చేపల గుంపు, నా బుడగల చప్పుడు. అంతకుమించి ఏమీ లేదు.

ఉన్నట్టుండి ఆ చేపలన్నీ ఒక పక్కకి జరిగాయి. పెద్దమనిషి వస్తుంటే దారిచ్చినట్టు.

ఎటు నుంచి వచ్చిందో చూడలేదురా. పైనంతా బూడిద రంగు, ఆ నీళ్ళలో కలిసిపోతుంది. తెల్లటి పొట్ట కనబడితే గానీ అది ఉన్నట్టు తెలియలేదు. నాలుగు మీటర్ల దాకా ఉంటుందని తర్వాత చెప్పారు. మగదేనట, పొట్ట కింద రెండు క్లాస్పర్లు, అంటే మగ సొరలకుండే జననాంగాలు, వేలాడుతుంటే గుర్తుపట్టొచ్చు. దూసుకొస్తుందనుకున్నానా, తీరిగ్గా తోక అటూ ఇటూ ఆడిస్తూ వచ్చింది. ముక్కు మీద మిరియాలు చల్లినట్టు నల్లటి చుక్కలు. అవన్నీ రంధ్రాలే. లోపల జిగురు ఉంటుంది, నీటిలో ఉండే అతి చిన్న కరెంటుని కూడా పసిగడతాయి. ఉప్పునీళ్ళలో మన బోను ఇనుము కూడా కొద్దిగా కరెంటు పుట్టిస్తుంది కాబట్టి కాబోలు, అది వచ్చి ముక్కుతో ఊచని ఒకసారి తాకి చూసింది.

తర్వాత పక్కకి తిరిగింది. దాని కన్ను నాకు చెయ్యెడు దూరంలో ఉంది. నల్లటి గుండీలా ఉంటుందని అంటుంటారు కదా, కాదురా. ముదురు నీలం! అది కదిలింది, నన్ను చూసింది, వెళ్ళిపోయింది. నేను దానికి చేపా కాదు, సీలూ కాదు, పనికిరాని వస్తువునని నిమిషంలో తేల్చేసింది. నిజం చెప్పొద్దూ, కాస్త చిన్నబోయాను.

పైకొచ్చాక టీ తాగుతుంటే మా గైడ్, నికోల్ అనే సొరచేప గురించి చెప్పింది. అది ఆడది. 2003లో దక్షిణాఫ్రికా దగ్గర ట్యాగ్ వేస్తే, ఆస్ట్రేలియా దాకా ఈదుకొచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయిందట. తొమ్మిది నెలల్లో 20,000 కిలోమీటర్ల పైచిలుకు. మూడు గంటలకే కడుపు ఖాళీ చేసుకున్న మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

సరే, భయం. బోనులో ఉన్నంతసేపూ వెయ్యలేదు, ఒట్టు. బయటికొచ్చేటప్పుడు వేసింది. నిచ్చెన పట్టుకుని ఒంటి పైభాగం పడవలో, కాళ్ళు ఇంకా నీళ్ళలో, సీసం బరువులు కిందికి లాగుతున్నాయి. సరిగ్గా అప్పుడు పైన ఎవరో "మళ్ళీ వచ్చింది" అన్నారు. మిగతా మెట్లు ఎలా ఎక్కానో నాకు తెలియదు. పెద్దాయన చెయ్యి పట్టి లాగాడేమో.

ఫోటో పంపుతున్నా. మధ్యలో ఉన్నది నా బొటనవేలు. ఎడం పక్క మూలన బూడిద రంగు మరక ఉంది చూడు, అదీ తోక. ఇంట్లో వాళ్ళకి చూపించకు, నవ్వుతారు. ఈసారి చలికాలంలో వెళ్దాం, నువ్వూ రావాలి. మాత్ర మాత్రం పడవెక్కకముందే వేసుకో.

నీ
రఘు